రెండోసారి డెంగీ ఎందుకు ప్రమాదకరం? వైరస్‌తో పోరులో రోగనిరోధక కణాలు మారే తీరు

డెంగీ జ్వరం తగ్గుముఖం పట్టిన రోజునే రోగి పరిస్థితి విషమించవచ్చన్నది వైద్యులకు బాగా తెలిసిన విషయం. సాధారణంగా జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో శరీర ఉష్ణోగ్రత దిగివస్తుంది. రక్తంలో వైరస్ కూడా అప్పటికి తగ్గిపోతూ ఉంటుంది. గండం గడిచిందని ఇంట్లోవారు ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే కొందరిలో సూక్ష్మ రక్తనాళాల గోడల గుండా ద్రవం బయటికి కారిపోవడం, రక్తపోటు పడిపోవడం మొదలవుతుంది. 24 నుంచి 48 గంటల పాటు సాగే ఈ దశను దాటించగలిగితే రోగి త్వరగానే కోలుకుంటాడు. గుర్తించడంలో ఆలస్యమైతే ప్రాణాపాయం తప్పదు.

వైరస్ బలహీనపడుతున్న వేళ రోగం ముదరడమేమిటి? ఒకసారి డెంగీ సోకి తగ్గినవారికి అది రెండోసారి సోకితే తీవ్రమయ్యే ముప్పు ఎందుకు పెరుగుతుంది? తట్టు వంటి వ్యాధి ఒకసారి వచ్చిపోతే జీవితకాల రక్షణ లభిస్తుండగా, డెంగీ విషయంలో ఈ నియమం ఎందుకు తలకిందులవుతోంది? ఈ ప్రశ్నలకు సమాధానంలో పెద్ద భాగం మన రోగనిరోధక కణాల్లోనే ఉంది. ఇన్ఫెక్షన్ సమయంలో ఆ కణాలు పొందే మార్పులు, తగ్గిన తర్వాత అవి మిగుల్చుకునే జ్ఞాపకం ఈ వ్యాధి గతిని నిర్ణయిస్తాయి.

ఇది భారతదేశానికి చిన్న విషయం కాదు. జాతీయ కీటకజనిత వ్యాధుల నియంత్రణ కేంద్రం లెక్కల ప్రకారం 2023లో దేశంలో 2,89,235 డెంగీ కేసులు, 485 మరణాలు నమోదయ్యాయి. పరీక్షల దాకా రాని కేసులు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఈ వ్యాధి ముప్పు ఉన్న ప్రాంతాల్లోనే నివసిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తొలి గంటల్లో కావలి కణాలు

ఆడ ఏడిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు వైరస్ చర్మంలోకి చేరుతుంది. అక్కడ దానికి మొదట ఎదురయ్యేవి డెండ్రిటిక్ కణాలు. కొమ్మల వంటి చాపులతో చర్మమంతటా పరచుకొని ఉండే ఈ కణాలు కావలివాళ్ల వంటివి. చుట్టుపక్కల దొరికిన పరాయి పదార్థాన్ని మింగి పరిశీలించడం వాటి నిత్యకృత్యం. డెంగీ వైరస్ ఈ కావలి కణాల్లోకే చొరబడి సంఖ్య పెంచుకోవడం మొదలుపెడుతుంది.

తనలోకి వైరస్ ప్రవేశించిందని గుర్తించిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. 1957లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కనుగొన్న ఈ ప్రోటీన్ ఇరుగుపొరుగు కణాలకు హెచ్చరిక వంటిది. దాన్ని అందుకున్న కణాలు వైరస్ వృద్ధికి అడ్డుపడే వందలాది జన్యువులను మేల్కొలుపుతాయి. డెంగీ వైరస్ కూడా దీనికి ప్రతిగా ఎత్తు వేస్తుంది. కణం లోపల ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని కేంద్రకానికి చేరవేసే స్టాట్2 అనే ప్రోటీన్‌ను వైరస్‌కు చెందిన ఎన్ఎస్5 ప్రోటీన్ నాశనం చేయిస్తుంది.

ఇంతలో డెండ్రిటిక్ కణం స్వభావమే మారిపోతుంది. మింగే పని మానేసి, మింగినదాన్ని ముక్కలు చేసి తన ఉపరితలంపై ప్రదర్శించే పనికి పూనుకుంటుంది. చర్మాన్ని విడిచి సమీపంలోని శోషరస గ్రంథికి ప్రయాణమవుతుంది. బిళ్ల కట్టడం అని మనం చెప్పుకునే వాపు కనిపించేది ఈ గ్రంథుల్లోనే. అసలు సైన్యం తయారయ్యేదీ అక్కడే.

వందల నుంచి కోట్లకు

టి కణాలు ఎముక మజ్జలో పుట్టి, గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయి. ప్రతి టి కణం తన ఉపరితలంపై ఒకే తీరు గ్రాహకాన్ని ధరిస్తుంది. జన్యు ముక్కలను రకరకాలుగా కలిపి కూర్చడం ద్వారా శరీరం కోట్లాది భిన్న గ్రాహకాలను ముందుగానే తయారుచేసి ఉంచుకుంటుంది. యాంటీబాడీల విషయంలో ఈ జన్యు రహస్యాన్ని ఛేదించినందుకే జపాన్ శాస్త్రవేత్త సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి దక్కింది. ఇంత వైవిధ్యం ఉండటం వల్ల ఏ కొత్త వైరస్ వచ్చినా దాని ఏదో ఒక ముక్కకు సరిపోయే టి కణం శరీరంలో ఎక్కడో ఉండనే ఉంటుంది. అయితే అటువంటి కణాల సంఖ్య చాలా స్వల్పం.

అందుకే అనుభవం లేని టి కణాలు రక్తానికీ శోషరస గ్రంథులకూ మధ్య నిరంతరం తిరుగుతూ ఉంటాయి. గ్రంథిలోని డెండ్రిటిక్ కణం చూపే వైరస్ ముక్క తన గ్రాహకానికి సరిపోయిన క్షణాన టి కణం ఆగిపోతుంది. ఆ ముక్కతో పాటు ప్రమాద సంకేతం, చుట్టూ ఉన్న సైటోకైన్లనే రసాయన సందేశాలు కూడా అందితేనే అది క్రియాశీలమవుతుంది. ఈ మూడింటిలో ఏది లోపించినా అది ముందుకు కదలదు. శరీరం తనపైనే తాను దాడి చేసుకోకుండా ఉండటానికి ఏర్పడ్డ కట్టుబాటు ఇది.

అక్కడి నుంచి మార్పు వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఎలుకల్లో ఎల్‌సీఎంవీ అనే వైరస్‌పై దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాలు దీనికి లెక్కలు కట్టాయి. మొదట వందల సంఖ్యలో ఉన్న సంహారక టి కణాలు కొన్ని గంటలకొకసారి విభజన చెందుతూ, వారం రోజుల్లో కోటి దాకా చేరుకుంటాయి. సంఖ్యతో పాటు వాటి రూపమూ నడతా మారతాయి. చిన్నగా, నిద్రాణంగా ఉన్న కణం పరిమాణం పెరుగుతుంది. వేగంగా శక్తిని రాబట్టేందుకు గ్లూకోజును ఎక్కువగా ఖర్చు చేస్తుంది. సోకిన కణాలకు రంధ్రాలు పొడిచే పెర్ఫోరిన్, వాటిని చావుకు నడిపించే గ్రాన్‌జైమ్‌లను తనలో నింపుకుంటుంది. గ్రంథిలోకి రప్పించే ఉపరితల గుర్తులను వదిలేసి, రోగం ఉన్న అవయవాలకు దారి చూపే గుర్తులను ధరిస్తుంది. ఒకే డీఎన్ఏ ఉన్న కణం వారం తిరిగేసరికి పూర్తిగా వేరే పని చేసే కణంగా రూపాంతరం చెందుతుంది.

పోరు ముగిశాక మిగిలేవి ఎన్ని?

వైరస్ తొలగిపోయాక ఇంత పెద్ద సైన్యాన్ని పోషించడం శరీరానికి భారమే కాదు, ప్రమాదం కూడా. అందువల్ల సంహారక టి కణాల్లో 90 నుంచి 95 శాతం కొద్ది వారాల్లోనే స్వయంగా మరణిస్తాయి. మిగిలిన ఐదు నుంచి పది శాతం జ్ఞాపక కణాలుగా స్థిరపడతాయి. రైతు పండిన పంటలో కొంత భాగాన్ని వచ్చే ఏటి విత్తనానికి దాచుకున్నట్లే శరీరం ఈ కణాలను నిలుపుకుంటుంది.

ఈ జ్ఞాపక కణాలు ఎక్కడి నుంచి వస్తాయన్న దానిపై చాలాకాలం చర్చ సాగింది. పోరాటంలో పాల్గొన్న కణాలే జ్ఞాపక కణాలవుతాయా, లేక మొదటి నుంచే కొన్ని కణాలు పక్కన నిలిచి ఉంటాయా అన్నది ప్రశ్న. మనుషుల్లో దీనికి స్పష్టమైన సమాధానం 2017లో వచ్చింది. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో రామ ఆకొండి, హైదరాబాద్‌లో జన్మించిన ప్రసిద్ధ రోగనిరోధక శాస్త్రవేత్త రఫీ అహ్మద్ తదితరుల బృందం ఎల్లో ఫీవర్ టీకా తీసుకున్నవారిని పరిశీలించి, ఫలితాలను ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. వాలంటీర్లకు భార జలాన్ని తాగించి, విభజన చెందుతున్న కణాల డీఎన్ఏలో ఆ గుర్తు పడేలా చేశారు. తొలి రెండు వారాల్లో ముమ్మరంగా విభజన చెందిన కణాల నుంచే దీర్ఘకాలిక జ్ఞాపక కణాలు ఏర్పడ్డాయని తేలింది. ఆ తర్వాత అవి ఒకసారి విభజన చెందడానికి 450 రోజులకు పైగా పడుతోంది.

మరో విశేషం కూడా ఈ అధ్యయనంలో వెల్లడైంది. ఏళ్లు గడిచాక జ్ఞాపక కణాలు పైకి అనుభవం లేని కణాల్లాగే ప్రశాంతంగా కనిపించినా, వాటి డీఎన్ఏ పొందికలో పాత పోరాటపు ఆనవాళ్లు చెరిగిపోలేదు. సంహారక జన్యువులు ఉన్న చోట్లు తెరిచే ఉన్నాయి. పుస్తకంలో కావలసిన పుటల దగ్గర గుర్తులు పెట్టి మూసినట్లు, అదే వైరస్ మళ్లీ ఎదురైతే ఈ కణాలు రోజుల తరబడి సిద్ధం కానవసరం లేకుండా వెంటనే రంగంలోకి దిగుతాయి. టీకాలు పనిచేసే తీరుకు ఆధారం ఇదే.

అన్ని వైరస్‌ల విషయంలోనూ కథ ఇలాగే ముగియదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వైరస్‌లలా శరీరంలో తిష్ఠవేసిన వైరస్‌లను ఎదుర్కొంటూ టి కణాలు క్రమంగా అలసిపోతాయి. పీడీ-1 అనే ఉపరితల ప్రోటీన్ ఈ అలసటను కొనసాగిస్తుందని 2006లో ఎలుకల్లో నిరూపితమైంది. డెంగీ వైరస్ అలా తిష్ఠవేయదు. వారం పది రోజుల్లో తొలగిపోతుంది. దాని చిక్కు జ్ఞాపకం లేకపోవడం వల్ల వచ్చేది కాదు, జ్ఞాపకం ఉన్నందువల్ల వచ్చేది. అది అర్థం కావాలంటే రోగనిరోధక వ్యవస్థలోని రెండో విభాగమైన బి కణాలను చూడాలి.

యాంటీబాడీలకు సానబట్టే చోటు

యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాలు. వైరస్‌ను గుర్తించిన బి కణానికి రెండు దారులు ఉంటాయి. మొదటిది త్వరితమైనది. కొన్ని బి కణాలు రోజుల వ్యవధిలోనే ప్లాస్మాబ్లాస్ట్‌లుగా మారి, తమ శక్తినంతా యాంటీబాడీల ఉత్పత్తికే వెచ్చిస్తాయి. ఇవి ఎక్కువకాలం బతకవు. కానీ తక్షణ రక్షణ వీటి నుంచే అందుతుంది.

రెండోది నిదానమైనది. కొన్ని బి కణాలు శోషరస గ్రంథిలో జెర్మినల్ సెంటర్లు అనే తాత్కాలిక స్థావరాలను ఏర్పరుస్తాయి. అక్కడ అవి విభజన చెందుతూ తమ యాంటీబాడీ జన్యువులో ఉద్దేశపూర్వకంగానా అన్నట్లు అక్షర మార్పులు చేసుకుంటాయి. ఆ మార్పుల వల్ల వైరస్‌ను మరింత గట్టిగా పట్టుకోగలిగిన కణానికి సహాయక టి కణం మద్దతు లభిస్తుంది. పట్టు సడలిన కణం నశిస్తుంది. వారాల పాటు సాగే ఈ వడపోతలో యాంటీబాడీలు సానబట్టిన కత్తుల్లా పదునెక్కుతాయి. నెగ్గిన కణాల్లో కొన్ని ఎముక మజ్జకు చేరి ఏళ్ల తరబడి యాంటీబాడీలను విడుదల చేస్తూ ఉంటాయి. మరికొన్ని జ్ఞాపక బి కణాలుగా ఉండిపోయి, అవసరమైనప్పుడు మళ్లీ విజృంభిస్తాయి.

డెంగీలో ఈ విజృంభణ అసాధారణ స్థాయిలో ఉంటుంది. థాయ్‌లాండ్ రోగులపై జరిపి 2012లో ప్రచురించిన పరిశోధనలో ప్లాస్మాబ్లాస్ట్‌ల సంఖ్య ఆరోగ్యవంతులతో పోలిస్తే తరచూ వెయ్యి రెట్లకు పైగా పెరిగినట్లు తేలింది. రక్తంలోని లింఫోసైట్లలో వాటి వాటా కొందరిలో 30 శాతానికి చేరింది. అవి తయారుచేసిన యాంటీబాడీల్లో చాలావరకు డెంగీ నాలుగు రకాలకూ అతుక్కోగలిగేవే. ఈ కణాలు పతాక స్థాయికి చేరిన సమయం, తీవ్ర లక్షణాలు కనిపించే సమయం దాదాపు ఒకటే కావడం శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది.

నాలుగు రకాల చిక్కు

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. వీటిని సెరోటైప్‌లు అంటారు. ఒకదానికొకటి దగ్గరి పోలికలున్నా, యాంటీబాడీల దృష్టిలో అవి ఒకటి కావు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆల్బర్ట్ సేబిన్ వాలంటీర్లపై జరిపిన పరిశోధనల్లో ఒక రకం సోకితే ఆ రకం నుంచి దీర్ఘకాల రక్షణ లభిస్తుందనీ, ఇతర రకాల నుంచి కొద్ది నెలలు మాత్రమే రక్షణ ఉంటుందనీ తేలింది. ఆ కొద్ది నెలలు గడిచిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

1960లలో బ్యాంకాక్‌లో పనిచేసిన అమెరికా వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్ ఒక విషయాన్ని గమనించారు. తీవ్ర డెంగీ ఎక్కువగా రెండు వర్గాల పిల్లల్లో కనిపించింది. ఒకటి, రెండోసారి డెంగీ సోకిన పిల్లలు. రెండు, మొదటిసారే సోకినా గతంలో డెంగీ వచ్చిన తల్లులకు పుట్టిన ఏడాదిలోపు పసికందులు. ఈ రెండు వర్గాలకూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. కొత్త వైరస్ వచ్చేసరికే వారి రక్తంలో పాత యాంటీబాడీలు ఉన్నాయి. పసికందులకు అవి తల్లి గర్భం నుంచే సంక్రమించాయి.

దీని వెనుక పనితీరు ఇలా ఉంటుంది. యాంటీబాడీ ఆంగ్ల అక్షరం ‘వై’ ఆకారంలో ఉంటుంది. దాని రెండు చేతులు వైరస్‌ను పట్టుకుంటాయి, కాడను మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు అందుకుంటాయి. యాంటీబాడీలు తగినన్ని ఉండి, గట్టిగా పట్టుకుంటే వైరస్ నిర్వీర్యమవుతుంది. భక్షక కణం దాన్ని జీర్ణించుకుంటుంది. పాత రకానికి తయారైన యాంటీబాడీ కొత్త రకానికి అతుక్కుంటుంది గాని దాన్ని నిర్వీర్యం చేయలేకపోవచ్చు. అటువంటప్పుడు ఆ కాడ పట్టుకునే వైరస్ సజీవంగా భక్షక కణంలోకి చేరిపోతుంది. అక్కడే సంఖ్య పెంచుకుంటుంది. శత్రువును అడ్డుకోవలసిన యాంటీబాడీయే దానికి వాహనమవుతుంది.

క్యూబా అనుభవం ఈ సిద్ధాంతానికి బలం చేకూర్చింది. అక్కడ 1977లో మొదటి రకం డెంగీ వ్యాపించింది. నాలుగేళ్లకు, 1981లో రెండో రకం వచ్చినప్పుడు 3,44,203 కేసులు నమోదయ్యాయి. 158 మంది మరణించారు. 1997లో సాంటియాగో నగరంలో రెండో రకం మళ్లీ వచ్చినప్పుడు తీవ్ర వ్యాధి దాదాపుగా పెద్దలకే పరిమితమైంది. 1977-79 తర్వాత పుట్టి, మొదటి రకాన్ని ఎరుగని పిల్లలకు పెద్దగా హాని జరగలేదు. ఇరవై ఏళ్లు గడిచినా తొలి ఇన్ఫెక్షన్ ముద్ర శరీరంలో చెరగలేదన్నమాట.

యాంటీబాడీల మోతాదు ఎంత కీలకమో నికరాగ్వా పిల్లలపై పన్నెండేళ్ల పరిశీలన తేల్చిచెప్పింది. 2017లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఈ అధ్యయనంలో యాంటీబాడీలు అసలు లేనివారికీ, బాగా ఎక్కువగా ఉన్నవారికీ ముప్పు తక్కువగా ఉంది. మధ్యస్థంగా, ఒక నిర్దిష్ట శ్రేణిలో ఉన్నవారికి మాత్రం తీవ్ర వ్యాధి ముప్పు సుమారు ఏడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. రెండోసారి సోకిన ప్రతి ఒక్కరికీ తీవ్రం కాకపోవడానికి ఇదొక కారణం. నిజానికి రెండోసారి సోకినవారిలోనూ అత్యధికులు ప్రమాదం లేకుండానే కోలుకుంటారు. రెండు వేర్వేరు రకాలు సోకిన తర్వాత రక్షణ మరింత విస్తృతమవుతుంది.

టి కణాలు దోషులా, రక్షకులా?

తీవ్ర వ్యాధికి పాత టి కణాల జ్ఞాపకం కూడా కారణమన్న వాదన చాలాకాలం ప్రచారంలో ఉంది. మొదటి రకాన్ని గుర్తుపెట్టుకున్న టి కణాలు రెండో రకం వచ్చినప్పుడు ముందుగా ఎగబడతాయనీ, కొత్త రకంపై వాటి పట్టు సరిగా ఉండదనీ, అవి వెలువరించే సైటోకైన్ల వల్ల రక్తనాళాలు దెబ్బతింటాయనీ ఆ వాదన సారాంశం.

దక్షిణాసియాలో జరిగిన పరిశోధనలు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. శ్రీలంకలో డెంగీ సోకినవారి రక్త నమూనాలను విశ్లేషించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, బలమైన, బహుముఖమైన సంహారక టి కణ ప్రతిస్పందనకూ రక్షణకూ సంబంధం ఉన్నట్లు కనిపించింది. న్యూఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజినీరింగ్, జీవసాంకేతిక కేంద్రం శాస్త్రవేత్తలు భారతీయ రోగులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనం మరో ఆసక్తికర అంశాన్ని బయటపెట్టింది. రోగుల్లో సంహారక టి కణాలు భారీగా పెరిగాయి. క్రియాశీలతను సూచించే గుర్తులన్నీ వాటిపై ఉన్నాయి. అయితే ప్రయోగశాలలో వైరస్ ముక్కలను చూపినప్పుడు వాటిలో కొద్ది భాగమే గామా ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్‌ను విడుదల చేసింది. కణాల సంఖ్య పెరిగినంత మాత్రాన సైటోకైన్లు వెల్లువెత్తుతాయని అనుకోవడానికి వీల్లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

నేడు శాస్త్రవేత్తలు తీవ్ర డెంగీని ఒకే కారణానికి కట్టిపెట్టడం లేదు. యాంటీబాడీల సాయంతో ఎక్కువ కణాలకు సోకిన వైరస్, ఆ కణాలు వెలువరించే సైటోకైన్లు, రక్తంలోకి విడుదలయ్యే వైరస్ ప్రోటీన్ ఎన్ఎస్1 కలిసి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయన్నది ప్రస్తుత అవగాహన. వైరస్ తగ్గుతున్న దశలో ఈ ప్రతిస్పందనలు పతాక స్థాయికి చేరడమే జ్వరం దిగాక ప్రమాదం పొంచి ఉండటానికి కారణం.

టీకా ఎందుకు ఇంత కష్టమైంది?

టీకా అంటే రోగం రాకుండానే కణాలకు జ్ఞాపకం కల్పించడం. డెంగీలో ఆ జ్ఞాపకం నాలుగు రకాలకూ సమానంగా, బలంగా ఉండాలి. అలా లేకపోతే టీకాయే మొదటి ఇన్ఫెక్షన్ పాత్ర పోషించే ముప్పుంది. ఫిలిప్పీన్స్ ఈ పాఠాన్ని చేదుగా నేర్చుకుంది.

ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ రూపొందించిన డెంగ్‌వాక్సియాకు 2015 డిసెంబరులో మెక్సికో తొలి అనుమతి ఇచ్చింది. 2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ పాఠశాల పిల్లలకు ఈ టీకా వేయడం ప్రారంభించింది. ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు వేశారు. 2017 నవంబరులో కంపెనీయే కీలక విషయం ప్రకటించింది. అంతకుముందు డెంగీ సోకినవారికి టీకా రక్షణ ఇస్తోందనీ, ఎన్నడూ సోకనివారికి మాత్రం తర్వాత తీవ్ర వ్యాధి ముప్పును పెంచవచ్చనీ దీర్ఘకాలిక పరిశీలనలో తేలింది. కార్యక్రమం నిలిచిపోయింది. ఆ దేశంలో టీకాలన్నింటిపైనా ప్రజల నమ్మకం దెబ్బతింది. ఈ టీకా వేసే ముందు రక్తపరీక్షతో గత ఇన్ఫెక్షన్‌ను నిర్ధారించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

ఈ టీకా నిర్మాణంలోనే ఒక పరిమితి ఉంది. దాని వెన్నెముక ఎల్లో ఫీవర్ టీకా వైరస్. డెంగీ నుంచి తీసుకున్నవి పైపొర ప్రోటీన్లు మాత్రమే. డెంగీని గుర్తించే సంహారక టి కణాల ప్రధాన లక్ష్యాలు వైరస్ లోపలి ఎన్ఎస్3, ఎన్ఎస్5 వంటి ప్రోటీన్లలో ఉంటాయి. అవి టీకాలో లేనందువల్ల ఆ టి కణాలకు శిక్షణ అందలేదు. జపాన్ సంస్థ టకేడా తయారుచేసిన క్యూడెంగా టీకా రెండో రకం డెంగీ వైరస్‌నే వెన్నెముకగా వాడుకుంది. వ్యాధి వ్యాప్తి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు దీన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది.

భారతదేశంలో పరీక్షిస్తున్న టీకా మరో అడుగు ముందుకు వేసింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ రూపొందించిన బలహీనపరచిన వైరస్‌ల ఆధారంగా పనాసియా బయోటెక్ తయారుచేసిన ఈ ఒకే మోతాదు టీకా పేరు డెంగీఆల్. వైరస్ జన్యు పదార్థంలో 30 అక్షరాల ముక్కను తొలగించి దాన్ని బలహీనపరచడం ఇందులోని కీలక మెలకువ. ఒకటి, మూడు, నాలుగో రకాల వైరస్‌లు లోపలి ప్రోటీన్లతో సహా ఉండగా, రెండో రకానికి పైపొర ప్రోటీన్లను నాలుగో రకం వెన్నెముకపై అమర్చారు. అందువల్ల బి కణాలతో పాటు టి కణాలకూ అసలైన డెంగీ లక్ష్యాలు పరిచయమవుతాయి. ఇదే మూలానికి చెందిన బ్రెజిల్ బుటాంటన్ సంస్థ టీకా రెండేళ్ల పరిశీలనలో సుమారు 80 శాతం సామర్థ్యం కనబరిచినట్లు 2024లో ఫలితాలు వెలువడ్డాయి.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో ఈ టీకా మూడో దశ ప్రయోగాలు 2024 ఆగస్టు 14న హరియాణాలోని రోహ్‌తక్ పీజీఐఎంఎస్‌లో ప్రారంభమయ్యాయి. 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 19 కేంద్రాల్లో 10,335 మందికి పైగా వయోజనులతో, రెండేళ్ల పరిశీలనతో వీటిని రూపొందించారు. పరిశీలన ఇంత సుదీర్ఘంగా ఉండటానికి కారణం పైన చెప్పుకున్నదే. టీకా వేసిన కొద్ది నెలలకు యాంటీబాడీలు సహజంగానే ఎక్కువగా ఉంటాయి. అవి తగ్గిన తర్వాత ఎంతమేర రక్షణ నిలుస్తుందన్నదే అసలు పరీక్ష.

దక్షిణాదికి ప్రత్యేక ప్రాధాన్యం

గతంలో డెంగీ సోకినవారు ఎందరన్నది ఈ చర్చలో కీలకం. 2017-18లో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 15 రాష్ట్రాల్లో 12,300 మందికి జరిపిన రక్తపరీక్షల్లో 48.7 శాతం మందిలో డెంగీ యాంటీబాడీలు కనిపించాయి. దక్షిణ ప్రాంతంలో ఇది 76.9 శాతంగా ఉంది. 5 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో దేశవ్యాప్తంగా 28.3 శాతానికి అప్పటికే ఒకసారైనా డెంగీ సోకింది. అంటే తెలుగు రాష్ట్రాలు సహా దక్షిణాదిలో పెద్దల్లో అత్యధికులు తమకు తెలియకుండానే మొదటి ఇన్ఫెక్షన్‌ను దాటి ఉంటారు. చిన్న పిల్లల్లో చాలామందికి మాత్రం ఆ అనుభవం ఇంకా ఎదురుకాలేదు. ఒకే ఇంట్లో ఉన్న తాతకూ మనవడికీ ఒకే టీకా, ఒకే దోమకాటు వేర్వేరు ఫలితాలను ఇవ్వగలవు.

తమకు ఎన్నడూ డెంగీ రాలేదని నమ్మేవారికి వచ్చినది నిజానికి రెండోది కావచ్చు. ఎందుకంటే మొదటి ఇన్ఫెక్షన్ చాలామందిలో లక్షణాలు లేకుండా, లేదా మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. అందువల్ల జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులు అందరూ అప్రమత్తంగా ఉండాలని వైద్యులు సూచిస్తున్నారు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తస్రావం, విపరీతమైన నీరసం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కదాన్నే చూసి ఆందోళన పడటం కంటే, రక్తం చిక్కబడటాన్ని తెలిపే హిమటోక్రిట్‌ను గమనిస్తూ, తగిన మోతాదులో ద్రవాలు అందించడమే చికిత్సకు మూలం. జ్వరానికి పారాసెటమాల్ వాడవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావ ముప్పును పెంచుతాయి కనుక వాటికి దూరంగా ఉండాలి.

డెంగీ వైరస్‌ను నేరుగా చంపే మందు ఇంకా చికిత్సలోకి రాలేదు. సరైన సమయంలో ద్రవాలు అందితే తీవ్ర డెంగీలో మరణాలను ఒక శాతం కంటే తక్కువకు తగ్గించవచ్చని మాత్రం అనుభవం చెబుతోంది. రోగనిరోధక కణాలు తమ పని తాము పూర్తి చేసుకునే ఆ ఒకటి రెండు రోజులు రోగిని కాపాడుకోవడం వైద్యం చేతిలో ఉంది. ఆ కణాలకు నాలుగు రకాల వైరస్‌నూ సరిగ్గా గుర్తుపట్టే జ్ఞాపకాన్ని ముందుగానే కల్పించడం టీకా శాస్త్రం ముందున్న బాధ్యత.